బరువుది అడుగున

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కింద అరవై వేల టిక్కీల మిరప
చలికి ముడుచుకుని పడుకుంది.
మేడ మీద గదిలో
వాటి లెక్కలకు నిద్ర లేదు.

లిఫ్టు సరుకుకు మాత్రమే అని రాసుంది.
సర్వరు సరుకేనా అని వాచ్‌మన్ కాసేపు ఆలోచించి
మెట్లు చూపించాడు.

ముప్పై రెండు కిలోలు.
అట్టపెట్టె మీద ఇద్దరు మోస్తున్న బొమ్మ.
వచ్చింది నేనొక్కదాన్నే.
రెండో మనిషిగా యార్డు నుంచి మీరావలిని పంపారు,
అరవై దాటిన హమాలీ.
"వంగి ఎత్తబాకమ్మాయ్, కూర్చుని లెగు.
నడుముకి మొయ్యడం రాదు, తొడలకొచ్చు."
మా ట్రైనింగులో దీనికి
నలభై స్లైడ్లు పట్టాయి.

గది గుమ్మంలో ఆపి,
తువ్వాలు బయట దులుపుకొని రమ్మన్నాను.
కారం దుమ్ము ఫ్యాన్లకు పడదని చెప్పాను.
ఆయన నవ్వాడు.
"నలభై ఏళ్లు నా గుండెల్లోకి పోయింది.
దులుపుకొని రమ్మని
ఒక్కడూ అన్లేదు."
నేను తల వంచుకుని
నట్లు లెక్కపెట్టాను. పదహారు.
మళ్లీ లెక్కపెట్టాను.

ర్యాక్ ఖాళీ.
చేతికందే ఎత్తున బిగిద్దాం,
రేపు మూత తియ్యడానికి సుఖం అన్నాను.
"బరువుది అడుగునెయ్యి.
నెట్టు కట్టేటప్పుడు తడి టిక్కీ పైకెక్కిస్తే
తెల్లారేసరికి దాని కింద ఎవడో ఒకడుంటాడు."
ఆ ఎవడో పేరు ఆయన చెప్పలేదు.

నాకు జోజిబాబు గుర్తొచ్చాడు.
బెజవాడ ఆటోనగర్లో, నేలకి బోల్టు వెయ్యని ర్యాక్‌లోంచి
తొందర్లో రెండు పెట్టెలు ఒకేసారి లాగాడు.
అంత ఇనుమూ దణ్ణం పెట్టినట్టు
ముందుకు వంగింది.
కుడిచేతి రెండు వేళ్లు.
ఇప్పుడు ఆఫీసులో ఫోన్లెత్తుతాడు,
పెట్టేసే ముందు అందరికీ ఒకటే మాట:
"ఒకటి లోపలికి తోసాకే ఇంకోటి లాగు."

నేలకి నాలుగు బోల్టులు బిగించాం.
గాజులు తీసి టిఫిను డబ్బాలో వేశాను.
పాత పెట్టెకి రెండు కరెంటు తాళ్లు;
ఒకటి పీకితే చచ్చిందనుకుంటాం,
రెండోదాంతో ఊపిరి పీలుస్తూనే ఉంటుంది.
రెండూ పీకి,
కాటా చీటీ వెనక "మనుషులున్నారు, స్విచ్ వెయ్యొద్దు" అని రాసి
పురికొసతో కట్టాను.

ముంజేతికి పట్టీ కట్టుకునే ముందు
మీటరు పెట్టి చూస్తే
న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య పదకొండు వోల్టులు.
ఒకటో రెండో ఉండాలి.
నన్ను నేలకి కట్టే వైరుకే
నేల అందడం లేదు.

"భూమి ఎక్కడుందమ్మాయ్ దీనికి?"

గోడ వెనక, కాటా పక్కన,
పగిలిన సిమెంటు మూత.
మే నెల గుంటూరు.
ఉప్పూ బొగ్గూ ఎండి నోరు తెరిచి ఉన్నాయి.
మీరావలి నాలుగు బకెట్లు పోశాడు.
నేల గుటకలు మింగిన చప్పుడు
నేనూ విన్నాను.
గోడ నీడలో కూర్చుని ఆయన బీడీ తీశాడు,
నా మొహం చూసి లోపల పెట్టేశాడు.
పదకొండు. ఏడు.
మూడు దగ్గర చాలాసేపు ఆగింది.
ఒకటిన్నర.

"రెండు పక్కలా టక్కుమన్నాకే చెయ్యి వదులు" అన్నాను.
ఎడమన టక్కుమంది.
నేను వదలబోయాను.
"ఆగు, నా పక్క అన్లేదు."
కాస్త ఎత్తి, కాస్త తోసి,
ఆయన చెవి ఇనుముకి ఆనించాడు.
టక్.

చీకటి పడింది.
వైర్లు వెనక్కి సర్దుతుంటే అడిగాడు,
"మా కూలి లెక్క కూడా ఇందులోనే ఉంటదా?"
ఉంటుందన్నాను.
చెమట చేత్తో ర్యాక్ తలుపు
మరోసారి నెట్టి చూశాడు.

నెల తర్వాత వాచ్‌మన్ ఫోను.
మిషను గురించి కాదు.
మీరావలి అడగమన్నాడట:
రోజూ సాయంత్రం నీళ్లు పోస్తున్నాను,
గుంట పక్కన మిరప మొలకొకటి లేచింది,
పీకెయ్యాలా?

మా సర్వీసు రిపోర్టులో
దానికి గడి లేదు.
మూతకి అడ్డం రాకపోతే
ఉండనీ అన్నాను.